బేస్తవారం స్లాబ్: కింది హాలు నుంచి పై గదికి 4కే బొమ్మ పోవాలంటే ఏ కేబులు లాగాలి?

అడిగింది, ఇందుకూరుపేట:
అన్నలకి, అక్కలకి నమస్కారం. మా నాన్న కట్టిన ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. సెంట్రింగ్ అయిపోయింది, వచ్చే బేస్తవారం కాంక్రీటు. సెట్‌టాప్ బాక్సు, బ్లూరే ప్లేయరు, నా కంప్యూటరు, రౌటరు అన్నీ కింద హాల్లో టీవీ అలమరాలో ఉన్నాయి. పైగదిలో 4కే ప్రొజెక్టరు పెట్టాలని ఆశ. పైపు పోయే దారంతా టేపుతో కొలిస్తే 92 అడుగులు తేలింది. ఎలక్ట్రీషియను 30 మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు దొరుకుతుంది, వేసేద్దాం అంటాడు. నెల్లూరులో షాపాయన క్యాట్ 8 ల్యాన్ కేబులు తీసుకో, ఇంక తిరుగుండదు అన్నాడు. మా బావేమో వైఫై ఉండగా ఇదంతా ఎందుకబ్బా అని నవ్వుతున్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

ఇంకోటి. రొయ్యల గుంటల కాడ షెడ్డు ఉంది, ఇంటికి 450 అడుగులు. అక్కడ నాలుగు కెమెరాలు పెట్టి ఇంట్లో చూసుకోవాలి. దానికీ ఇదే కేబులు సరిపోతుందా?

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, కేబులు సంగతి తర్వాత. ఆ వైరులో పోయేది ఏందో ముందు తేల్చుకో. ప్రొజెక్టరులోనే యాప్ తెరిచి సినిమా చూస్తావనుకో, పోయేది కుదించిన డేటా. 4కేకి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు అడిగేదే 15 ఎంబీపీఎస్ (సెకనుకి 15 మెగాబిట్లు). 4కే బ్లూరే డిస్కులో ఉండే సినిమా కూడా 150 లోపే. దానికి పాత క్యాట్ 5ఈ కూడా ఎక్కువే, 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది.

కింద ఉన్న ప్లేయరు నుంచి హెచ్‌డీఎంఐ బొమ్మనే పైకి పంపాలంటే లెక్క మారిపోతుంది. 4కే తెర మీద సుమారు 83 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 బొమ్మలు. అదే దాదాపు 12 జీబీపీఎస్, అంటే 12,000 ఎంబీపీఎస్. మధ్యలో ఖాళీలు, కోడింగు కలుపుకుంటే 18కి చేరుతుంది. అంటే యాప్ అడిగే 15 ఎంబీపీఎస్‌కి వెయ్యి రెట్లు పైనే. మామూలు రాగి హెచ్‌డీఎంఐ వైరు ఇంత బరువుని ఐదారు మీటర్లు దాటాక నమ్మకంగా మోయలేదు. మా ఇంట్లో 15 మీటర్లది స్లాబులో వేయించి తప్పు చేశాను. 1080పీ (4కే కంటే తక్కువ చుక్కల బొమ్మ) బాగానే వచ్చింది. 4కే పెట్టగానే తెర మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు, రెండు నిమిషాలకోసారి నల్లగా అయిపోవడం. ఆ వైరు ఇప్పటికీ కాంక్రీటులోనే ఉంది, నేనూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నా.

మీ ఎలక్ట్రీషియను చెప్పింది మాత్రం చెయ్యొద్దు.

అడిగింది, ఇందుకూరుపేట:
రెండూ కావాలన్నా. యాప్‌లు ప్రొజెక్టరులో చూస్తాం. బ్లూరే, కంప్యూటరు గేములు మాత్రం కింద నుంచే పోవాలి.

కావలి నుంచి:
నేను నెట్‌వర్కింగ్ పనిలోనే ఉన్నా. గేములు అన్నావు కాబట్టి చెప్తున్నా, వైఫై మీద బొమ్మ పంపే డబ్బాల జోలికి పోవద్దు. బొమ్మని కుదించి, పంపి, విప్పేసరికి ఆలస్యం అవుతుంది. సినిమాకి తెలియదు గానీ గేములో బటన్ నొక్కాక బొమ్మ కదలడం ఆలస్యమైతే విసుగొస్తుంది.

నీకు రెండు దారులు ఉన్నాయి. మొదటిది హెచ్‌డీబేస్‌టీ. ఈ చివరో డబ్బా, ఆ చివరో డబ్బా, మధ్యలో ఒకే ఒక్క క్యాట్ 6ఏ కేబులు. పేరుకి ల్యాన్ కేబులే గానీ అందులో పోయేది ఇంటర్నెట్ కాదు. రౌటరుకో స్విచ్చుకో తగిలిస్తే పనిచెయ్యదు, డబ్బా నుంచి డబ్బాకే పోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పాత తరం డబ్బాలు 10.2 జీబీపీఎస్ దాకానే. 4కే 60 పూర్తి రంగుల్లో కుదించకుండా కావాలంటే 3.0 అని రాసున్నది చూసి కొను, అది 16 మోస్తుంది. ఆ 18లో ఉండే హెచ్‌డీఎంఐ కోడింగు తీసేసి పంపుతుంది కాబట్టి సరిపోతుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో 70 మీటర్లు అనుంటే మోసపోవద్దు. చాలావాటిలో అది 1080పీ లెక్క, 4కే దూరం కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, 40 మీటర్లకి పడిపోతుంది. నీ దూరం 28 మీటర్లు, కాబట్టి పర్లేదు.

రెండోది ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబులు. లోపల గాజు తీగలు ఉంటాయి. డబ్బాలు అక్కర్లేదు, ఆలస్యం లేదు, 30 మీటర్లకి 18 జీబీపీఎస్ సులువుగా పోతుంది. దీనికి రెండు చిక్కులు. ఒకటి, బొమ్మ ఒక వైపుకే పోతుంది. ఏ చివర ప్లేయరుకి, ఏ చివర తెరకి అని గుర్తు ఉంటుంది. రెండు, హెచ్‌డీఎంఐ తలకాయ లావు, అంగుళం పైపులో బెండు దగ్గర ఇరుక్కుంటుంది. గట్టిగా గుంజితే గాజు తీగ తెగుతుంది, అతికే పని ఉండదు.

ఒకే గదికి కాబట్టి నేనైతే ఆప్టికల్‌దే వేస్తాను. దాని పక్కన క్యాట్ 6ఏ రెండు లాగు. ఒకటి యాప్‌లకి, ఇంకోటి ఎప్పుడైనా ఆప్టికల్‌ది పోతే హెచ్‌డీబేస్‌టీకి.

కందుకూరు నుంచి:
ఇన్ని ఎందుకక్కా, షాపాయన చెప్పినట్టు క్యాట్ 8 వేస్తే పదేళ్ళు నిశ్చింతగా ఉంటుంది కదా?

కావలి నుంచి:
ఉండదు తమ్ముడూ. క్యాట్ 8 డేటా సెంటర్లలో 25, 40 జీబీపీఎస్ కోసం, అదీ 30 మీటర్లకే. లావుగా, మొండిగా ఉంటుంది, మన గోడల బెండుల్లో తిరగదు. క్యాట్ 6 మీద 10 జీబీపీఎస్ 55 మీటర్ల దాకా, 6ఏ మీద 100 మీటర్ల దాకా పోతుంది. ఇంటికి 6ఏ దాటి కొంటే షాపాయనకే లాభం.

నెల్లూరు నుంచి:
సీసీ కెమెరాలు బిగించే పని మాది. పేరు కంటే లోపల లోహం చూడండి సామీ. చవగ్గా దొరికే క్యాట్ 6 పెట్టెల్లో చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. అల్యూమినియంలో కరెంటు రాగిలో పోయినంత బాగా పోదు, రాగిలో సుమారు 60 శాతమే. రెండుసార్లు వంచితే విరుగుతుంది, కెమెరాకి కరెంటు కూడా అదే వైరులో పంపితే వేడెక్కుతుంది. కొనేముందు ఒక తీగ కోసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా తేలితే అక్కడే వదిలేసి రండి. పెట్టె ఎత్తినప్పుడు తేలిగ్గా అనిపించినా అనుమానించాల్సిందే.

గుంటల షెడ్డుకి రాగి వద్దేవద్దు. 450 అడుగులంటే 137 మీటర్లు, ల్యాన్ కేబులు హద్దే 100. దూరం సంగతి అట్టుంచితే ఉరుములు అసలు భయం. కార్తీకంలో వానలు దిగినప్పుడు చూడండి, ఒక్క పిడుగు దగ్గర్లో పడితే ఇంటి ఎర్తింగుకీ షెడ్డు ఎర్తింగుకీ మధ్య తేడా వచ్చి, ఆ వైరు గుండా రౌటరు, రికార్డరు, టీవీ వరసగా కాలిపోతాయి. ఏరేటర్ మోటార్లు ఆడి ఆగినప్పుడల్లా వచ్చే రొద వేరే. సింగిల్‌మోడ్ ఫైబరు (దూరాలకి వాడే గాజు తీగ) పైపులో వేసి పూడ్చండి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబరు వెలుగుని ల్యాన్ కేబులు సిగ్నలుగా మార్చే డబ్బాలు పెట్టండి. ఇనప తీగ లేని ఫైబరే అడగండి, కొన్నిట్లో బలానికి స్టీలు తీగ పెడతారు, అదుంటే పిడుగు భయం మళ్ళీ మొదటికొస్తుంది. మైపాడు ఉప్పు గాలికి కనెక్టర్ల పిన్నులకి పచ్చగా చిలుం పడుతుంది. షెడ్డులో అన్నీ మూతపడే డబ్బాలో పెట్టండి.

ఒంగోలు నుంచి:
స్లాబుకి ముందు రెండు మాటలు. టీవీ పైపు, కరెంటు పైపు వేరువేరుగా, పక్కపక్కనే పోతే అడుగు ఎడంగా ఉంచు. దాటాల్సొస్తే అడ్డంగా దాటించు. ఎల్బో వద్దు, పొడుగు బెండులే వెయ్యమను. అంగుళంన్నర పైపు ఒకటి, అంగుళం పైపు ఒకటి. రెంటిలోనూ తర్వాత కేబులు గుంజడానికి జీఐ వైరు (ఇనప తీగ) ఇప్పుడే తోసి పెట్టుకో. పైపు చివర్లు గుడ్డ కుక్కి మూయించు, లేకపోతే కాంక్రీటు పాలు దిగి గట్టిపడిపోతుంది.

అడిగింది, ఇందుకూరుపేట (మూడు వారాల తర్వాత):
అందరికీ చాలా థాంక్స్. స్లాబ్ అయింది, సెంట్రింగ్ విప్పాం. అన్న చెప్పినట్టే రెండు పైపులు. నెల్లూరులో మూడు షాపులు తిరిగితే రెండిట్లో గీకితే తెల్లగానే తేలింది, మూడో చోట అసలు రాగి దొరికింది. ఆప్టికల్ కేబులు నిన్న లాగాం. ఎలక్ట్రీషియను గుర్తు చూడకుండా తెర వైపు చివర కింద వదిలేశాడు, బొమ్మ రాలేదు. ఒక గంట ప్రొజెక్టరు పాడైందనుకుని అందరం ఏడుపు మొహాలు. కావలి అక్క రాసింది గుర్తొచ్చి, మళ్ళీ బయటికి గుంజి తిప్పి లాగాం. పైపు పెద్దది కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు 4కే 60 వస్తోంది.

ఒక్కటే తేడా. ప్రొజెక్టరు యాప్‌ల సౌండు కింది ఆంప్లిఫయరుకి రావట్లేదు.

కావలి నుంచి:
వెనక్కి వచ్చే సౌండు అన్ని ఆప్టికల్ కేబుళ్ళూ మొయ్యవు. నీ కేబులు పెట్టె మీద ఏఆర్‌సీ గానీ ఈఏఆర్‌సీ గానీ ఉందేమో చూడు. ఉంటే రెండు చివర్లా సెట్టింగులో అది ఆన్‌లో ఉందా లేదా చూసుకో. లేకపోతే యాప్‌లు ప్రొజెక్టరులో కాకుండా, హెచ్‌డీఎంఐలో గుచ్చే స్టిక్కు ఒకటి కింద ఆంప్లిఫయరుకే తగిలించి చూడు, బొమ్మ పైకి పోతుంది, సౌండు కిందే ఉంటుంది.