ముప్పావు ఇంచి పైపులో లెక్క ప్రకారం ప్రెషర్ పోకూడదు, మరి షవర్ ఎందుకు సన్నగా వస్తోంది?

గాజువాక కుర్రోడు:
ట్యాంకులో నీళ్ళ మట్టం మా షవర్‌కి ఓ 3 మీటర్ల పైన ఉంటుంది, మధ్యలో ముప్పావు ఇంచి సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) లైను మొత్తం 30 మీటర్లు. షవరూ కుళాయీ కలిపి నిమిషానికి 20 లీటర్లు రావాలని, పైపు 20 ఎంఎం అనుకుని హేగన్-పాయిజలీ ఫార్ములా వేస్తే హెడ్ లాస్ (పైపు రాపిడికి పోయే ఎత్తు) 20 సెంటీమీటర్లే వస్తోంది. కానీ షవర్ చూస్తే ధారే లేదు. ప్లంబరేమో ప్రెషర్ పంప్ పెట్టించేయండి అంటన్నాడు, కొనాలంటారా గురూ?

మద్దిలపాలెం మెకానికల్:
ఆ ఫార్ములా లామినార్ ఫ్లోకి, అంటే నీళ్ళు పొరలు పొరలుగా సాఫీగా పారేదానికి మాత్రమే తమ్ముడూ. నీ పైపులో వేగం సెకనుకి 1.06 మీటర్లు, మన ఎండకి నీళ్ళు 30 డిగ్రీలనుకున్నా రెనాల్డ్స్ నంబర్ (నీళ్ళు సాఫీగా పారతాయా, సుడులు తిరుగుతాయా చెప్పే అంకె) 26 వేల పైనే, అది 4000 దాటితే ఇంట్లో పైపుల్లో టర్బులెంటే, అంటే సుడులు తిరిగే ఫ్లోనే. లామినార్‌లో వేగం గోడ దగ్గర సున్నా నుంచి మధ్యలో సగటుకి రెట్టింపు దాకా నిదానంగా పెరుగుతుంది, టర్బులెంట్‌లో సుడులు మధ్యలో పరిగెత్తే నీళ్ళని గోడ దాకా తోసుకొచ్చేస్తాయి, అందుకే రాపిడి అంత పెరిగిపోద్ది. బ్లాసియస్ ఫార్ములా ప్రకారం ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (రాపిడి ఎంతో చెప్పే అంకె) 0.025 దగ్గర, దాన్ని హెడ్ లాస్ లెక్కేసే డార్సీ-వైస్‌బాక్ ఫార్ములాలో పెడితే లాస్ 2.1 మీటర్లు. నీకొచ్చినదానికి పది రెట్లు!

ఏయూ పాత విద్యార్థి:
4000 అనేది గీత గీసినట్టు ఏం ఉండదండీ. 1883లో మాంచెస్టర్‌లో రెనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు వదిలి చూసినప్పుడు, ట్యాంకులో నీళ్ళు బాగా కుదురుకున్నాక 12 వేల దాకా కూడా రంగు గీత చెదరలేదు. కానీ ఎల్బోలు, వాల్వులు ఉన్న మన లైన్లకి ఆ వైభోగం ఎక్కడిది.

పెందుర్తి ప్లంబింగ్:
అసలు సంగతి ఎవరూ అడగలేదు, లోపలి సైజు కొలిచారా? ముప్పావు సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (బయటి సైజు గోడ మందానికి 11 రెట్లుండే రకం) బయట 22 ఎంఎం, లోపల 18 చిల్లరే. అదే 20 లీటర్లకి లాస్ 3.3 మీటర్లు, మీకున్న ఎత్తే చాలదు, ఎల్బోలవి ఇంకా కలపలేదు. ఇంచి పైపు వేస్తే లోపల 23.4, మొత్తం లాస్ ఒక్క మీటరు దగ్గరికి దిగిపోద్ది.

గాజువాక కుర్రోడు:
బాత్రూమ్ టైల్స్ పగలగొట్టనివ్వరండి ఇంట్లో. టెర్రస్ మీద 22 మీటర్లు మాత్రం మార్చుకోగలను.

పెందుర్తి ప్లంబింగ్:
అదే మార్చండి. మొత్తం లాస్ 1.6 మీటర్లకి వస్తుంది, మిగతా 1.4లో వాల్వులు, షవర్ సర్దుకోవాలి. ట్యాంక్ దగ్గర గేట్ వాల్వ్ సగమే తెరిచి ఉందేమో కూడా చూసుకోండి, పంప్ సంగతి తర్వాత.