డేలియానా, డాల్యానా?

ప్రశ్న:
లీడ్స్‌లో ఎనిమిదేళ్లు ఉండి, కిందటేడు ఒహాయో వచ్చాం. వారాంతాల్లో ఒక మొక్కల నర్సరీలో పని చేస్తున్నాను. నిన్న ఒక పెద్దావిడ "డాల్యా దుంపలు వచ్చాయా?" అని అడిగారు. నాకు వెంటనే వెలగలేదు. ఆ పూలమొక్కని ఇంగ్లండులో అందరూ "డేలియా" అనేవారు, తెనాలిలో మా అమ్మ "డాలియా" అంటుంది. చిలగడదుంపల గుత్తిలా ఉండే ఆ దుంపలు చేతిలో పట్టుకునే నిలబడిపోయాను. క్లెమాటిస్ అనే పూలతీగతోనూ ఇదే టెన్షన్. అక్కడ కొందరు "క్లిమేటిస్" అనేవారు, ఇక్కడ "క్లిమ్యాటిస్" వింటున్నాను. కొనేవాళ్ల ముందు ఏది పలకాలి?

జవాబు:
అమ్మగారిదే అసలుకు దగ్గర అండీ. మొక్క మెక్సికోది. 1791లో స్పెయిన్ వృక్షశాస్త్రవేత్త కవనియెస్ దానికి స్వీడన్‌కు చెందిన ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. క్లెమాటిస్‌కి మొదటి అక్షరం నొక్కి "క్లెమటిస్" అనండి, రెండు దేశాల్లోనూ చెల్లుతుంది.

ఇంకో జవాబు:
పియోనీ పూల సీజన్‌లో జాగ్రత్త! అమెరికా పల్లెల్లో పాత తరం వాళ్లు కొందరు "పైనీ" అంటారు. మొదటిసారి విని పైన్ చెట్టు అనుకుని మా ఆయన్ని ఆ వరుసకే పంపాను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఇవాళ ఆవిడ మళ్లీ వచ్చారు. "డాల్యా" అనే అన్నాను. మూడు దుంపలు తీసుకెళ్లారు, ముదురు ఎరుపువి. అమ్మకి ఫొటో పంపాను.