వానాకాలంలో మూడు నెలలు బోటు ఒడ్డున పెట్టాలి, ఏమేం చేయాలి?

కోవళం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఉండేది చెన్నైలో షోళింగనల్లూరు దగ్గర. నాన్నగారు రిటైరయ్యాక కొనుక్కున్న 18 అడుగుల ఫైబర్ బోటు కోవళంలో తెలిసినవాళ్ల కొబ్బరితోటలో ఉంటుంది. వెనక బయట తగిలించే 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్. అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా దాన్ని నీళ్లలోకి దించం. ఏటా నాన్నే దగ్గరుండి అన్నీ చూసుకునేవారు. ఈసారి మోకాలి ఆపరేషన్ అయింది, పని నా మీద పడింది. ఆయనకి ఆ బోటంటే ప్రాణం, అందుకే నాకు టెన్షన్. వీడియోలు చూస్తే అన్నీ చలిదేశాలవే. ఇంజన్‌లో యాంటీఫ్రీజ్ పోయమంటారు, బోటు మొత్తం ప్లాస్టిక్‌తో బిగించి చుట్టమంటారు. మనకి ఇవన్నీ కావాలా? ట్యాంకులో సగం దాకా ఆయిల్ కలిపిన పెట్రోల్ కూడా ఉంది.

ఓడ ఉద్యోగి:
యాంటీఫ్రీజ్ అక్కర్లేదండీ. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజన్‌లో చిక్కుకున్న నీళ్లు బ్లాకునే పగలగొడతాయి. అక్కడివాళ్ల భయం అది. చెన్నైలో ఆ బాధ లేదు.

కాశిమేడు మెకానిక్:
తమ్ముడూ, మన దగ్గర ఇంజన్‌ని తినేది చలి కాదు, ఉప్పు. దాని తర్వాత పాత పెట్రోల్.

ముందు ప్రొపెల్లర్ ఊడదియ్యి. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీళ్లు పీల్చే జల్లెడ బాగా మునిగేలా ఇంజన్ కాలు అందులో దించి, న్యూట్రల్‌లో స్టార్ట్ చెయ్యి. పక్కనుంచి వచ్చే ధార మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా వస్తున్నంతసేపూ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లకి దారి తెరిచే వాల్వు) తెరుచుకోలేదని, లోపలి దారుల్లో ఉప్పు అలాగే ఉందని అర్థం. గోరువెచ్చగా మారాక ఇంకో పది నిమిషాలు నడవనివ్వు. చాలామంది ఇక్కడే తొందరపడి, ధార కనబడగానే ఆపేస్తారు.

అది నడుస్తుండగానే పెట్రోల్ పైపు పీకేయ్. కార్బొరేటర్‌లో ఉన్నదంతా తాగి ఆగిపోతుంది. ఆగబోయే ముందు గాలి లోపలికి వెళ్లే నోట్లో ఫాగింగ్ ఆయిల్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే) కొట్టు. తర్వాత రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ వేసి, ఇంజన్ స్టార్ట్ అవకుండా కిల్ స్విచ్ క్లిప్ తీసేసి, తాడు నాలుగుసార్లు నెమ్మదిగా లాగి ప్లగ్గులు బిగించు.

ట్యాంకులో పెట్రోల్ మాత్రం ఉంచకు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. వానాకాలం తేమని పీల్చుకుని, చివరికి ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి చేరతాయి. సంక్రాంతికి ఇంజన్ మొదట పీల్చేది ఆ అడుగునున్నదే. ఆ వారమే వేటకెళ్లేవాళ్లకి ఇచ్చెయ్, సంతోషంగా తీసుకుంటారు.

ఇంజన్ విప్పి ఇంటికి తెచ్చుకో, ఇద్దరు మోయొచ్చు. స్టాండు మీద నిలువుగా పెడితే లోపలి నీళ్లన్నీ దిగిపోతాయి. పడుకోబెట్టకు. గేర్ ఆయిల్ కూడా ఇప్పుడే మార్చు. పనులు ఇప్పుడే పెట్టుకుంటే మంచిది, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధంలో ఇక్కడి బోట్లన్నీ రిపేరుకి వస్తాయి, అప్పుడు ఏ మెకానిక్కూ దొరకడు.

ఎన్నూరు వాసి:
ఇంజన్ గురించి అన్న అంతా చెప్పేశారు, నేను బోటు గురించి చెప్తా. కొబ్బరిచెట్ల కిందనుంచి ముందు బయటికి లాగండి. 2016లో వర్దా తుఫాను వచ్చినప్పుడు నగరంలో చెట్లు వేలల్లో కూలాయి. తుఫాను గాలికి ఒక్క గెల పడినా ఫైబర్ పగులుతుంది.

లోపల మంచినీళ్లతో కడిగి బాగా ఆరనిచ్చి, మూడు నాలుగు చోట్ల పాత టైర్లు వేసి వాటి మీద ఎక్కించండి, ముందుభాగం ఎత్తుగా ఉండాలి. వెనక అడుగునున్న బిరడా తీసేయండి. మీ బోటు వైశాల్యం సుమారు 8 చదరపు మీటర్లు అనుకుంటే, 10 సెంటీమీటర్ల వానకి 800 లీటర్లు నిలుస్తాయి, అంటే 800 కిలోలు. అల్పపీడనం పట్టిందంటే మనకి అంత వాన ఒక్క రాత్రిలో పడుతుంది. బిరడాని తాడుతో స్టీరింగ్ పిడికే కట్టుకోండి, దించేటప్పుడు మర్చిపోరు. టార్పాలిన్ కింద మధ్యలో నిలువునా వెదురు పెట్టి ఇంటి కప్పులా వాలు ఇవ్వండి. చివర్లు గాలాడేలా వదలాలి, బిగించి కప్పితే లోపల చెమ్మపట్టి బూజు వస్తుంది.

కోవళం కుర్రాడు:
అన్నా, మీరు చెప్పినట్టే అన్నీ చేశాను, ధార వెచ్చబడ్డాకే లెక్కపెట్టుకున్నా. కానీ గేర్ ఆయిల్ పాలు కలిపిన టీలా వచ్చింది. ఫొటో నాన్నకి పంపితే కంగారుపడుతున్నారు.

కాశిమేడు మెకానిక్:
నాన్నగారిని కంగారుపడొద్దని చెప్పు, నీళ్లు దిగాయంతే. ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో చూడు, తంగూసు చుట్టుకుని ఉంటుంది. అదే లోపలికి కోసుకుంటూ పోయి ఆయిల్ సీలుని తినేస్తుంది. సంక్రాంతి దాకా ఆగితే బేరింగులు తుప్పు పడతాయి, కాబట్టి సీలు ఈ వారమే మార్పించు. కొత్త ఆయిల్ కింది రంధ్రంలోంచి ఎక్కించి, పై రంధ్రంలో బుడగల్లేకుండా కారేదాకా నింపాలి. రెండు స్క్రూలకీ వాషర్లు కొత్తవి వెయ్యి. ముందు పై స్క్రూ బిగించాకే కింద గొట్టం తియ్యి, ఆయిల్ జారిపోదు.