‘ఆడంగితనముగలవారు’: ఈ మాట ఎక్కడిది?

మొన్న ఆదివారం స్వలింగ వివాహాల మీద ప్రసంగం. బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, 1 కొరింథీ 6:9 చదివారు. దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ల జాబితా అది: ‘...వ్యభిచారులైనను ఆడంగితనముగలవారైనను పురుషసంయోగులైనను...’ మధ్య మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఒక సంక్రాంతికి మా తమ్ముడు నా పక్కన కూర్చుని ముగ్గులో రంగులు నింపుతుంటే, మామయ్య ‘ఆడంగి వెధవా, లే’ అని కసిరాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. ఆ తిట్టూ ఈ మాటా ఒకటేనా? గ్రీకులో ఏముందో తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రీకు మాస్టారు:
గ్రీకులో ‘మలకోయ్’ అమ్మా. మలకోస్ అంటే మెత్తనిది. మత్తయి 11:8లో రాజగృహాల్లో ఉండేవాళ్ల బట్టలకు ఇదే మాట వాడారు. మన బైబిల్లో అది ‘సన్నపు బట్టలు’ అయింది. బట్టకైతే సన్నం, మనిషికైతే ఆడంగితనం! అలాగని తప్పంతా అనువాదకుల మీద వేయలేం. సుఖానికి మరిగిన మగవాణ్ణి, ధైర్యం లేనివాణ్ణి గ్రీకువాళ్లూ ఈ మాటతోనే ఎగతాళి చేసేవారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ కింగ్ జేమ్స్‌లోనూ ‘ఎఫెమినేట్’ (ఆడంగి) అనే ఉంది.

అసలు చిక్కు దాని తర్వాతి మాట ‘పురుషసంయోగులు’తో. గ్రీకులో అది ‘అర్సెనోకోయ్తాయ్’. అర్సెన్ అంటే మగవాడు, కోయ్తె అంటే పడక. లేవీయకాండం 20:13 పాత గ్రీకు అనువాదంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, పౌలు అక్కడి నుంచే సమాసం కట్టాడని సంప్రదాయ పక్షం అంటుంది. కాదు, ఇది డబ్బుతోనో బలంతోనో వాడుకోవడం గురించి అని ఇంకో పక్షం. 1 తిమోతి 1:10లో దీని పక్కనే ‘మనుష్యచోరులు’ (మనుషుల్ని ఎత్తుకుపోయి అమ్మేవాళ్లు) ఉండటం వీళ్లకు ఆధారం. నాకైతే లేవీయకాండం వాదనే గట్టిగా అనిపిస్తుంది. ‘పురుషసంయోగులు’ దానికి బాగా అతికింది కూడా.

ప్రశ్న:
మరి ఇప్పుడు ‘స్వలింగ సంపర్కులు’ అంటున్నారు కదండీ?

గ్రీకు మాస్టారు:
అది మన కాలపు మాట. అందులో ఆడవాళ్లూ వస్తారు. పౌలు ఇక్కడ వాడింది మగవాళ్ల గురించే. ఇంగ్లీషు బైబిల్ అనువాదం ఆర్‌ఎస్‌వీ 1946లో ఈ రెండు గ్రీకు మాటల్నీ కలిపేసి ‘హోమోసెక్సువల్స్’ అని పెట్టింది, 1971లో మార్చేసింది. మన పాతవాళ్లు ఆ కలగాపులగం చేయలేదు.

పాస్టరుగారబ్బాయి:
ఈ జాబితాలో పెళ్లి ఊసే లేదు. మా నాన్నగారు పెళ్లి మాటొస్తే నేరుగా ఆదికాండం 2:24కే వెళ్తారు: ‘తన భార్యను హత్తుకొనును, వారు ఏక శరీరమైయుందురు.’ పురుషుడు, భార్య అని రాసే ఉందిగా అంటారు. పెళ్లి ఎలా మొదలైందో చెప్పారు గానీ ఇంకెవరికీ కూడదని అక్కడ అనలేదుగా అని మా అక్క. స్వలింగ వివాహాలకు చట్టం చేయాల్సింది పార్లమెంటేనని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చింది. మా ఇంట్లో మాత్రం ఇంకా తేలలేదు.

గ్రీకు మాస్టారు:
ఆ ‘హత్తుకొను’ హీబ్రూలో ‘దబాక్’. రూతు 1:14లో కోడలు అత్తను హత్తుకున్నప్పుడూ అదే క్రియ, తెలుగులోనూ అదే. కాబట్టి నాన్నగారి బలం ‘భార్య’ అన్న మాటలో ఉంది, క్రియలో లేదు.

మొదట అడిగినది నేనే:
‘సన్నపు బట్టలు’ సంగతి తమ్ముడికి పంపాను. మామయ్య ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పెట్టమంటున్నాడు. పెట్టాలా వద్దా అని పొద్దుట్నుంచీ టెన్షన్.