వరదకు పలచబడ్డ గొర్ల మంద మళ్లీ నిండాలంటే ఎన్నేండ్లు?

ప్రశ్న (భూపాలపల్లి దిక్కు):
2023 జులైల మోరంచవాగు పొంగినంక మా దిక్కు గొల్లకురుమల మందలు ఇంకా కోలుకోలేదు. మేతకైతే కొదవ లేదు. 60 గొర్లకు 20 మిగిలితే మళ్లీ 60 కావాలంటే ఎన్నేండ్లు పడ్తది? దెబ్బ ఎక్కడ తింటున్నం?

జవాబు 1:
ఆరేడేండ్లు పడ్తది తమ్మీ. 20 గొర్లు ఏడాదికొక ఈత ఈనితే 16 పిల్లలు అనుకో. సగం ఆడయి, బతికేటివి ఆరేడు. అవి ఈనేసరికి ఏడాదిన్నర దాటుతది. ముసలివి రెండు ఏటా పోతయి. అందుకే తొలి మూడేండ్లు పొట్టేలు పిల్లలనే అమ్మాలె. అప్పు తీర్చెతందుకు ఆడపిల్లలను అమ్ముడే అసలు దెబ్బ. ఒకే పొట్టేలును రెండేండ్లకు మించి ఉంచొద్దు, దాని బిడ్డలకే అది ఎక్కుతది. ఇంకో మందతోని మార్చుకోండ్రి.

జవాబు 2 (పశువైద్యం):
మేత ఉన్నా చిక్కిపోతున్నయంటే జలగ రోగం (కార్జంల చేరే చదును పురుగులు) చూడాలె. వరద నీళ్లు నిలిచిన గుంతలల్ల నత్తలు పెరుగుతయి, అక్కడి గడ్డి మేసిన రెండు మూడు నెలలకు, అంటే చలికాలంల, దవడ కింద నీరు దిగుతది, కనురెప్ప లోపల తెల్లగైతది. ఆక్సిక్లోజనైడ్ అనే మందు పెద్ద జలగలనే చంపుతది, రెండు నెలలకు మళ్లీ తాపాలె. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలను గూడ చంపుతది: కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, 25 కిలోల గొర్రెకు 250. అందాజగ పోస్తే తక్కువైతది, మందు పని చేయదు. ఒకసారి తూకం వేయండ్రి. చూడి కట్టిన మొదటి నెల అల్బెండజోల్ అనే పురుగుల మందు తాపొద్దు.

గిట్టలు కుళ్లితే 10 లీటర్ల నీళ్లల్ల కిలో జింక్ సల్ఫేట్ కలిపి 5-10 నిమిషాలు నిలబెట్టి, తర్వాత పొడి నేల మీదికి తోలాలె. మైలుతుత్తం వాడొద్దు, గొర్రె ఆ నీళ్లు తాగితే రాగి విషమైతది.

జవాబు 3:
పరిహారం సంగతి. 2022-26 విపత్తు నిబంధనల ప్రకారం గొర్రెకు 4,000 రూపాయలు, ఇంటికి 30 జీవాలకే ఉండె. సర్కారు గొర్ల పథకంలనే 2021ల 21 జీవాల యూనిట్ 1.75 లక్షలుండె, తలకు 8,300 పైనే. సగం గూడ రాకపోయె. ఇగ వాగుల కొట్టుకపోయిన జీవానికి శవమే దొరకదు, పరిహారానికి పోస్టుమార్టం ఎట్ల చేస్తరు? టీకాల రిజిస్టర్ల మీ మంద లెక్క ముందే రాయించుకోండ్రి, చెవి పోగులు (నంబరు బిళ్లలు) వేయించండ్రి, అవే సాక్ష్యం.

బయట కొన్న గొర్లను మూడు వారాలు వేరే దొడ్ల ఉంచి, పీపీఆర్ (పారుడు రోగం) టీకా అయినంకనే మందల కలపండ్రి.