కొత్తగా ఎల్పీలు కొనేవాళ్లకి ముందు జాజ్ చెప్పాలా, ఫంక్ చెప్పాలా?

మియాపూర్ ముల్లు
అందరికీ నమస్కారం. పోయిన నెల టర్న్‌టేబుల్ కొన్నాను. ఇంట్లో నాన్న దాచిన సినిమా ఎల్పీలు ఓ ఇరవై ఉన్నాయి, అంతే. ఫోన్లో వింటూ వింటూ అమెరికా సోల్, ఫంక్, జాజ్ సంగీతం మీద ఇష్టం పెరిగింది. చేతిలో పదిహేను వేలున్నాయి. నేను చూసిన చోట దిగుమతి ఎల్పీ ఒక్కోటి మూడు వేల దాకా ఉంది, అంటే ఐదు వస్తాయి. ఆఫీసులో ఒకాయన "మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఒరిజినల్ ప్రెస్సింగ్, అంటే మొదట్లో అచ్చేసిన కాపీ, దొరికేదాకా ఆగు. దాంతోనే మొదలుపెట్టు. ఫంకూ గింకూ తర్వాత" అన్నారు. నిజంగా ఆగాలా? ఏ ఐదు కొనమంటారు?

హ్యాకెన్‌సాక్ హాలు
మీ ఆఫీసాయన మంచి మాట చెప్పారు. నా లెక్కలో ఐదూ జాజే. 'కైండ్ ఆఫ్ బ్లూ', జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్', ఆర్ట్ బ్లేకీ 'మోనిన్', కానన్‌బాల్ అడర్లీ 'సమ్‌థింగ్ ఎల్స్', లీ మోర్గన్ 'ది సైడ్‌వైండర్'. వీటిలో మూడు న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్ ఊళ్లో రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డు చేసినవి. పగలు కళ్లద్దాల డాక్టరుగా పనిచేసి, మిగతా వేళల్లో మైకులు పెట్టిన మనిషి ఆయన. పాత బ్లూ నోట్ కంపెనీ ఎల్పీని లైటు కింద వంచి చూడండి. లేబుల్ పక్కన పాటలేని నున్నటి జాగాలో ఆర్‌వీజీ అనే అక్షరాలు, చెవి ఆకారంలో ఒక చిన్న గుర్తు కనిపిస్తాయి. ఆ చెవి ఉంటే అది 1966కి ముందు ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీలో అచ్చయినదని అర్థం.

రీఇష్యూలు, అంటే తర్వాత మళ్లీ అచ్చేసినవి, నమ్మకండి. ఒకటి 180 గ్రాముల బరువని గొప్పగా రాసి అమ్ముతుంటే నలభై డాలర్లు పెట్టి కొన్నాను. నడిమి చిల్లు పక్కకి జరిగి ఉంది. పియానో ఒక్కో స్వరం అలలా ఊగుతుంది. అమ్మినాయన "మీ మెషీన్ లోపం" అని డబ్బు వెనక్కివ్వలేదు.

విశాఖ33
మా ఊళ్లో ఉప్పుగాలికి పాత అట్టలన్నీ బూజు పడతాయి. ఒరిజినల్ కొనేముందు అట్ట వాసన చూడండి తమ్ముడూ.

డెట్రాయిట్ దరువు
మియాపూర్ గారూ, ఆగకండి. ఆగమన్నవాళ్లు చెప్పే ఆ ఒరిజినల్ గురించి ఒక సంగతి తెలుసుకోండి. 1959 మార్చి 2న న్యూయార్క్ 30వ వీధి స్టూడియోలో టేపు మెషీన్ ఒకటి కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపునే మామూలు వేగంతో తిప్పి ఎల్పీ చేశారు. అందుకే 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి సైడు మొత్తం అసలు వాయించిన దానికంటే కొంచెం పై శ్రుతిలో వినిపిస్తుంది. 1992లో రెండో మెషీన్ టేపు వాడి సరిచేశారు. కాబట్టి మైల్స్ వాయించిన శ్రుతి కావాలంటే అలా సరిచేసిన రీఇష్యూలోనే ఉంది.

నా ఐదు ఇవి. జేమ్స్ బ్రౌన్ 'లైవ్ ఎట్ ది అపోలో', మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్', స్టీవీ వండర్ 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్', హెర్బీ హాన్‌కాక్ 'హెడ్ హంటర్స్', పార్లమెంట్ అనే బ్యాండు 'మదర్‌షిప్ కనెక్షన్'. అన్నీ కొత్త ప్రెస్సింగే కొనండి.

అపోలో రికార్డు కథ కూడా వినండి. కొత్త పాటలు లేని లైవ్ ఆల్బమ్ ఎవరు కొంటారని కింగ్ కంపెనీ యజమాని డబ్బు పెట్టనన్నాడు. 1962 అక్టోబర్ 24 రాత్రి జేమ్స్ బ్రౌన్ సొంత డబ్బుతో రికార్డు చేయించాడు. అది 66 వారాలు బిల్‌బోర్డ్ చార్టులో నిలబడింది. జనం అరుపులు వినండి, ఆయన ఎక్కడ ఆపుతాడో వాళ్లకి ముందే తెలుసు.

హ్యాకెన్‌సాక్ హాలు
మొదటి సైడు సంగతి నాకు తెలియదనుకున్నారా? 1959 నుంచి 1992 దాకా, 33 ఏళ్లు, లోకమంతా విన్నది ఆ పై శ్రుతిలోనే. ఆ ఎల్పీ పక్కన కూర్చుని సోలోలు నేర్చుకున్నవాళ్ల చెవిలో ఉన్నది అదే. చరిత్ర అంటే అది కూడా.

వేణువు
చిన్న మాట. 'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి పాట 'సో వాట్' స్వరాలు మన ఖరహరప్రియ మెట్లే. ఫ్లూటుతో కలిపి వాయించి చూశాను. మిత్రుడి పాత ప్రెస్సింగ్‌తో ఎంత ఊదినా కలవలేదు. నా ఫ్లూటే పాడైందనుకుని నాలుగు రోజులు బాధపడ్డాను. రీఇష్యూతో మొదటిసారే కలిసింది.

డెట్రాయిట్ దరువు
అదిగో సాక్ష్యం.

హ్యాకెన్‌సాక్ హాలు
దేనికి సాక్ష్యం? రెండో సైడు ఏప్రిల్ 22న వేరే రోజు చేశారు, అందులో ఏ తప్పూ లేదు. 'ఆల్ బ్లూస్'తో ఊది చూడమనండి. ఒక్క సైడు కోసం మొత్తం రికార్డునే తీసిపారేస్తారా?

సైడ్‌బి
ఇద్దరూ శ్రుతి దగ్గరే ఆగిపోయారు. ఆ అబ్బాయి అడిగింది ఐదు ఆల్బమ్‌లు. నేనైతే బిల్ విదర్స్ 'స్టిల్ బిల్' కూడా చెప్తాను.

హ్యాకెన్‌సాక్ హాలు
సరే, అసలు విషయానికే వస్తాను. కాళ్లు ఆడించడానికి పెట్టుకునే సంగీతం వేరు, కూర్చుని వినే సంగీతం వేరు. ఆకలి మీదున్నవాడికి ముందే మిఠాయి పెడితే అన్నం ముట్టడు. ఫంక్‌తో మొదలుపెట్టినవాళ్లు జాజ్ దాకా రావడం నేను చూడలేదు. ఇంకో మాట. జాజ్ ఎల్పీ అట్ట వెనక ఎవరు ఏ వాద్యం వాయించారో పేరుపేరునా ఉంటుంది. నేను నేర్చుకున్నదంతా ఆ పేర్లు పట్టుకునే. అరవైల్లో సోల్ పాటల కంపెనీ మోటౌన్ వేసిన ఎల్పీ అట్ట తిప్పి చూడండి, వాద్యకారుల పేర్లే ఉండవు. వాయించినవాణ్ణి వాళ్లే లెక్కలోకి తీసుకోకపోతే మనం ఎందుకు తీసుకోవాలి?

డెట్రాయిట్ దరువు
ఈ మాటకి జవాబు చెప్పకుండా నిద్రపోలేను.

నేనుండేది డెట్రాయిట్‌లో వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌కి ఇరవై నిమిషాల దూరంలో. 2648 నంబరు ఇల్లు, మోటౌన్ పుట్టిన చోటు. అక్కడి స్టూడియోని వాద్యకారులు పాముల గుంత అనేవాళ్లు, పైనుంచి తీగలు వేలాడేవి కాబట్టి. జేమ్స్ జేమర్సన్ అక్కడ ఒక్క చూపుడు వేలితో బేస్ గిటార్ వాయించాడు. అమెరికా అంతా ఆ వేలికి ఆడింది. ఎన్నో హిట్లు వచ్చాక, 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్' అట్ట మీద మొదటిసారి ఆ వాద్యకారుల పేర్లు వేశారు. జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ డ్రమ్స్ ముక్కని హిప్‌హాప్ వాళ్లు వందల పాటల్లో వాడుకున్నారు. పాట హక్కుల్లో ఆయన పేరు లేదు. పేరు వేయకపోవడం కంపెనీ చేసిన పని. మీరు దాన్ని సంగీతం తప్పుగా లెక్కేస్తున్నారు.

మా నాన్న డప్పు కొట్టేవాడు, నల్గొండ పక్కన పల్లెలో. తోలు బిగియడానికి గడ్డిమంట దగ్గర కాచేవాడు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. పెళ్లికి పిలిచేవాళ్లు, చావుకి పిలిచేవాళ్లు. పందిట్లోకి మాత్రం పిలిచేవాళ్లు కాదు. ఏ పెళ్లి పత్రికలోనూ ఆయన పేరు లేదు. మా బళ్లో పాటల టీచరొకాయన "డప్పు వాద్యం కాదు, చప్పుడు" అన్నప్పుడు నాకు పదేళ్లు. మీరిప్పుడు "కాళ్లు ఆడించే సంగీతం" అన్నది చదివితే ఆ గొంతే వినపడింది.

ఫంక్‌లో 'ది వన్' అంటారు. ఆవర్తంలో మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడటం. జేమ్స్ బ్రౌన్ దగ్గర అది నేర్చుకున్న బూట్సీ కాలిన్స్ దాన్ని పార్లమెంట్‌కి మోసుకెళ్లాడు. మా నాన్న దగ్గర ఆ మొదటి దెబ్బ తప్పితే వెనకున్న నలుగురూ ఆగిపోయేవాళ్లు.

మీ జాబితాలోనే ఉన్న 'సైడ్‌వైండర్'కి కాలు ఆడకుండా ఎవరైనా కూర్చోగలరా? అసలు ఫంక్ అనే మాటని 1953లోనే జాజ్ పియానిస్టు హోరెస్ సిల్వర్ తన పాటకి 'ఓపస్ డి ఫంక్' అని పేరుగా పెట్టుకున్నాడు. మీ బ్లూ నోట్ కంపెనీకే, మీ ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్‌తోనే.

విశాఖ33
మా నాన్నగారు సన్నాయి. పత్రికలో పేరు లేకపోవడం గురించి రాసింది అక్షరాలా నిజం.

సైడ్‌బి
ఇక మర్యాద దాటకండి ఇద్దరూ.

హ్యాకెన్‌సాక్ హాలు
దరువు గారూ, రాత్రంతా ఆలోచించాను. పేర్ల గురించి నేనన్నది తప్పు. లెక్కలోకి తీసుకోవద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారి గురించి చదివాక నేను రాసింది మళ్లీ చదువుకుంటే సిగ్గనిపించింది.

కానీ నా మాట ఇంకొకటి మిగిలే ఉంది. 1998లో ఇక్కడికి, అమెరికాకి, చదువుకోడానికి వచ్చాను. నలుగురం ఒకే గది. పార్టీలో అందరూ ఆడుతుంటే గోడకి ఆనుకుని నిలబడేవాణ్ని. లైబ్రరీలో హెడ్‌ఫోన్ పెట్టుకుని బిల్ ఎవాన్స్ పియానో విన్న రోజు, ఒంటరిగా ఉన్నా పరవాలేదనిపించింది. నా దృష్టిలో రికార్డు అంటే అది. మూడోసారి వింటే గానీ తలుపు తీయని ఆల్బమ్ కొత్తవాళ్ల చేతిలో పెట్టాలి. మొదటిసారే నచ్చేది వాళ్లే వెతుక్కుంటారు, దానికి మనం ఎందుకు?

డెట్రాయిట్ దరువు
ఆ ఒంటరితనం నాకూ తెలుసు. మాట వెనక్కి తీసుకున్నందుకు థాంక్స్. ఒప్పుకోనిది ఒకటే. ఒంటరిగా కదలకుండా వింటేనే విన్నట్టా? 'హెడ్ హంటర్స్'లో 'వాటర్‌మెలన్ మ్యాన్' మొదట్లో బిల్ సమ్మర్స్ బీరు సీసా ఊదుతూ మధ్యమధ్యలో గొంతు కలుపుతాడు. మధ్య ఆఫ్రికా పిగ్మీల పద్ధతి అది. ఆ ఊదు ఎక్కడ మొదలవుతుందో, బేస్ ఎప్పుడు వచ్చి చేరుతుందో నాకు ముందు నా కాలే చెప్పింది. తర్వాతే బుర్రకెక్కింది. అదీ వినడమే.

హ్యాకెన్‌సాక్ హాలు
అక్కడ మనిద్దరికీ కుదరదు.

వేణువు
ఆలిస్ కోల్ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద', 1971. హార్ప్, తంబురా, కింద వదలకుండా తిరిగే బేస్. కూర్చునేవాళ్లు కూర్చోవచ్చు, ఊగేవాళ్లు ఊగొచ్చు.

మియాపూర్ ముల్లు
అందరికీ చాలా థాంక్స్. ఆగట్లేదు. 'సైడ్‌వైండర్', 'వాట్స్ గోయింగ్ ఆన్', వేణువు గారు చెప్పింది, మూడూ కొత్తవి ఆర్డర్ పెట్టాను. ఇక్కడ ఒకాయన దగ్గర పాత 'సాంగ్స్ ఇన్ ది కీ ఆఫ్ లైఫ్' ఉంది, నాలుగు వేలు చెప్తున్నారు. రేపు చూడ్డానికి వెళ్తున్నా.

హ్యాకెన్‌సాక్ హాలు
డబ్బు ఇచ్చే ముందు అట్ట మొత్తం తెరిచి చూడండి. రెండు పెద్ద ఎల్పీలతో పాటు ఏడంగుళాల చిన్న రికార్డు ఒకటి, 24 పేజీల పుస్తకం ఒకటి ఉండాలి. పాత కాపీల్లో ఆ చిన్నదే ఎక్కువగా పోతుంది. అది లేకపోతే నాలుగు పాటలు లేనట్టే, సగానికి బేరమాడండి. ఇంకోటి, అది తిరగాల్సింది 33 వేగం మీదే, చిన్నది కదా అని 45 మీద పెట్టకండి.

డెట్రాయిట్ దరువు
ఈ ఆల్బమ్ మీ దగ్గరుందా?!

హ్యాకెన్‌సాక్ హాలు
ఉంది. చిన్నదానితో సహా.