ఇంగ్లండ్‌లో ఊరి మినీబస్సుకి గ్రాంట్ ఎలా తెచ్చుకోవాలి?

అందరికీ నమస్తే అండి. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లెలో ఉంటాను, ఇక్కడికి మామూలు బస్సు రావడం మానేసి చాలా ఏళ్లయింది, అందుకే ఊరివాళ్లే చందాలేసుకుని 16 సీట్ల మినీబస్సు నడుపుతున్నారు, నేను కూడా రెండేళ్లుగా ప్రతి మంగళవారం జీతం లేకుండా డ్రైవింగ్ చేస్తున్నా. సెక్షన్ 19 పర్మిట్ (లాభం కోసం కాకుండా బండి నడిపే సంస్థలకిచ్చే అనుమతి) మీద నడుస్తుంది, లాభం తీసుకోకూడదు, ఛార్జీలు ఖర్చులకే.

ఇప్పుడు వీల్‌చైర్ లిఫ్ట్ పాడైంది. పోయిన వారం ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని మెట్టు దాకా వచ్చి, కాలు ఎత్తబోయి ఎత్తలేక, పర్లేదులే వచ్చేవారం వెళ్తా అని వెనక్కి తిరిగారు. ఆవిడ వెళ్లాల్సింది కంటి డాక్టర్ దగ్గరికి. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

కౌన్సిల్ ఇచ్చే డబ్బు ఈ ఏడాది తగ్గింది, బీఎస్ఓజీ (బస్సు నడిపేవాళ్లకి ఇంధనం ఖర్చు కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం) డీజిల్‌కే చాలట్లేదు. లాటరీ కమ్యూనిటీ ఫండ్‌కి (లాటరీ డబ్బుతో ఊరి పనులకి గ్రాంట్లిచ్చే సంస్థ) అప్లై చేద్దామనుకుంటున్నాం, రిపేర్లకి ఇస్తారా లేక కొత్త పని చూపిస్తేనే ఇస్తారా? ఇంకోటి, సెక్షన్ 22కి (అందరూ ఎక్కగలిగే రూట్ బస్సుని వాలంటీర్ సంస్థలు నడిపే పర్మిట్) మారితే పెద్దవాళ్ల ఫ్రీ పాస్ చెల్లుతుంది, ఆ డబ్బు కౌన్సిల్ నుంచి వస్తుంది, కానీ రూట్ రిజిస్టర్ చేయించాలి, టైమ్‌టేబుల్ తప్పకూడదు, వాలంటీర్లతో అది అయ్యే పనేనా? మా డ్రైవర్లలో చాలామంది 1997కి ముందు లైసెన్స్ తీసుకున్నవాళ్లు, వాళ్లకి డీ1 (మినీబస్సు నడిపే అర్హత) కారు లైసెన్స్‌తోనే వచ్చింది, కానీ డెబ్భై దాటితే అది ఉంచుకోడానికి మెడికల్ కావాలి, ఇద్దరు ఇప్పటికే మానేస్తామంటున్నారు.

ఇక్కడ ఇలాంటి బండి నడిపిన మన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, అప్లికేషన్‌లో ఏం రాశారో కాస్త చెప్పండి ప్లీజ్.